ప్రియదర్శిని, సత్యపీఠం

పాతదంతా బంగారం అనే మనిషినీ, పాతదంతా తుక్కు అనే మనిషినీ దేవుడు తరచు ఒకే యింట్లో పెడతాడు. ఇద్దరూ హాల్లో కూర్చుని వాదించుకుంటూ వుంటే, వంటింట్లో పోపు వేసుకుంటూ వినే మనిషి ఇంకొకతె వుంటుంది. ఆ మూడో మనిషికి వాదించే తీరిక వుండదు. కాని తీర్పులన్నీ ఆమే చెయ్యాలి. విసుర్రాయి అటకెక్కాలా వద్దా, అమ్మ పెళ్ళినాటి పట్టుచీర పెట్టెలోనే వుండాలా లేక మనవరాలికి లంగా కుట్టించాలా, అత్తగారి కాలంనాటి నోము ఇంకా పట్టాలా మానాలా, ఇలాంటివి. బంగారమో తుక్కో తేల్చడానికి ఆమె దగ్గర గీటురాయి ఏమిటి? ఈ నాలుగు మాటలూ ఆ మూడో మనిషితో చెప్పుకుందామని.

ఇప్పటి పిల్లలు ఈ తగాదాకి ఒక కొత్త పేరు పెట్టారు. ‘రీమాస్టర్’ అంటారు. ఒకప్పుడు జనం పిచ్చిగా అభిమానించిన ఆటనో, పాటనో, సినిమానో తీసుకుని, దుమ్ము దులిపి, బొమ్మకి మెరుగు పెట్టి, ధ్వని శుభ్రం చేసి మళ్ళీ జనం ముందుకి తేవడమన్నమాట. వీడియో గేముల్లో ఇది పెద్ద వేడుక. 1985లో జపానులో పుట్టిన మారియో ఆటని 1993లో కొత్త బొమ్మలతో మళ్ళీ తెచ్చారు. 1999లో వచ్చిన ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’ రెండో ఆటకి 2013లో ఒకసారి మెరుగు పెట్టి, సరిపోలేదని 2019లో మరోసారి పెట్టారు. కాలేజీ రోజుల్లో ఆ ఆట కోసం అన్నం మానేసిన కుర్రాళ్ళు ఇవాళ జుట్టు పలచబడి, ఇంటి అప్పు వాయిదాలు కట్టుకుంటూ, ఆ మెరుగు పెట్టిన ఆటని మళ్ళీ కొనుక్కుంటారు. రెండు గంటలు ఆడి, ఒకరినొకరు ఒకటే ప్రశ్న వేసుకుంటారు: “ఇది ఇప్పటికీ నిలుస్తుందా?”

“పనీపాటా లేని ప్రశ్న” అని నవ్వెయ్యకండి. ఈ ప్రశ్నే మనం వేరే వస్తువుల మీద వేస్తూ వుంటాం. మనకి ఇష్టమైనది ఇంకా మంచిదేనా, లేక మనకి ఇష్టం కాబట్టి మంచిదనుకుంటున్నామా? ఇది ఆటతో తీరే ప్రశ్న కాదు. బతుకులో సగం తగాదాలు దీని చుట్టూనే తిరుగుతాయి.

ముందు ‘నిలవడం’ అంటే ఏమిటో తేల్చుకోవాలి. మేమున్న నిజాంసాగర్‌లో ఈ మాట రోజూ కళ్ళెదుటే వుంటుంది. మంజీర నది మీద కట్టిన ప్రాజెక్టు ఇది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో, నవాబ్ అలీ నవాజ్ జంగ్ అనే ఇంజనీరు ఆధ్వర్యాన 1923లో పని మొదలై 1931కి పూర్తయింది. వందేళ్ళకి దగ్గర పడుతున్నా రాతికట్ట రాతికట్టలాగే వుంది. కామారెడ్డి నుంచో, ఎల్లారెడ్డి నుంచో చుట్టాలు వస్తే తీసుకుపోయి చూపిస్తాం. “అబ్బ, ఎంత గట్టి పనమ్మా! ఇప్పటి కట్టడాలు ఇట్లుంటయా?” అని ముక్కున వేలేసుకుంటారు.

కాని ఆయకట్టు కింద వరి వేసే రైతుని అడిగి చూడండి. ఆయన కట్ట సంగతి ఎత్తడు, నీళ్ళ సంగతి ఎత్తుతాడు. కట్టిననాడు దాదాపు 29.7 టి.ఎం.సీల నీళ్ళు పట్టిన జలాశయం ఇది. మంజీర ఏటేటా మోసుకొచ్చిన ఒండ్రు అడుగున పేరుకుపోయి, 1970ల నాటికి 12 టి.ఎం.సీల లోపుకి వచ్చేసింది. అప్పుడు పూర్తి నీటిమట్టాన్ని ఎత్తుచేసి 17.8 టి.ఎం.సీలు పట్టేట్టు చేశారు. పాతదానికి మెరుగు పెట్టారన్నమాట. మొదటి లెక్కకి రాలేదు గాని, పొలాలకి నీళ్ళు మాత్రం వెళ్ళాయి.

చూశారా, మన భాషలో ఎంత చక్కని కీలకం దాగివుందో! కట్ట నిలిచింది, నిలవ తగ్గింది. నిలవడం వేరు, నిలవ వేరు. చుట్టం కట్టని చూసి మెచ్చుకుంటాడు. రైతు నిలవని చూసి నాటు వేస్తాడు. పాత సినిమా అయినా, పాత ఆట అయినా, పాత ఆచారమైనా మనం సాధారణంగా చుట్టంలా చూస్తాం. “యాభై ఏళ్ళయినా పేరు నిలిచింది” అంటాం. పేరు నిలిస్తే చాలదు. ఇవాళ నాటు వేసేవాడికి అందులో నీళ్ళున్నాయా అని కూడా అడగాలి. గీటురాయి అక్కడ వుంది.

ఈ గీటురాయి పట్టుకుని మొదట ఒక ఆటని చూద్దాం. అసలు ఆటలకి మెరుగు పెట్టడం జపాను వాళ్ళతో మొదలవలేదు. మన పచ్చీసు సంగతి చూడండి. ఫతేపూర్ సిక్రీలో అక్బరు కట్టించిన భవనాల ముంగిట నేలమీద పచ్చీసు గళ్ళు ఇప్పటికీ కనిపిస్తాయి. ఇంగ్లీషువాళ్ళు ఆ ఆటని పట్టుకెళ్ళి, గవ్వలు తీసేసి పాచిక పెట్టి, పట్టుని చిన్నది చేసి, 1896లో లూడో అని పేటెంటు పుచ్చుకున్నారు. ఆ లూడో అట్టపెట్టెలో పడి మళ్ళీ మన ఊరి కిరాణా దుకాణానికే వచ్చింది. తరవాత 2016లో ‘లూడో కింగ్’ పేరుతో ఫోనులోకి ఎక్కింది. 2020లో లాక్‌డౌన్ పెట్టి అందరినీ ఇళ్ళల్లో కూర్చోబెట్టినప్పుడు, అమెరికాలో కొడుకూ, హైదరాబాదులో కూతురూ, ఊళ్ళో అమ్మా ఒకే పట్టు మీద కాయలు నడిపారు.

మరి ఆట నిలిచిందా? గవ్వల చప్పుడు పోయింది. విసిరేటప్పుడు మణికట్టు తిప్పి మాయ చేసే పెద్దత్తమ్మలు పోయారు. “నీ కాయ ఆడ లేదు, ఈడ వుండె” అని సాయంత్రందాకా సాగే పోట్లాటలు కూడా పోయాయి, ఫోను లెక్క తప్పదు గదా! కాని పండబోయే కాయ ఇంటి గుమ్మంలో చచ్చినప్పుడు కడుపులో పడే ఆ గుటుక్కు మాత్రం అక్బరు నాడెట్లా వుందో అట్లాగే వుంది. గవ్వలూ, గుడ్డపట్టూ పోయినా బతికినది ఏదో, అదే ఆ ఆటకి నిలవ. మిగిలినది మన జ్ఞాపకం. జ్ఞాపకం చిన్నదని నేననను. కాని అది ఆటది కాదు, మనది.

ఇక పాచికల సంగతి వచ్చింది కాబట్టి, పాచికలాటలో పాండవులు సర్వం ఓడిపోవడం వల్ల ఒక పిల్ల పెళ్ళి తారుమారైన కథ దగ్గరికి పోదాం. తెలుగువాళ్ళకి రీమాస్టర్ అంటే ముందు గుర్తు రావలసింది అదే. మాయాబజార్.

విజయావారు తీసిన ఈ సినిమా 1957 మార్చి 27న విడుదలయింది. దర్శకుడు కె.వి.రెడ్డి. మాటలూ పాటలూ పింగళి నాగేంద్రరావు. కెమెరా మార్కస్ బార్‌ట్లీ. ఎన్.టి.రామారావు కృష్ణుడు, నాగేశ్వరరావు అభిమన్యుడు, ఎస్.వి.రంగారావు ఘటోత్కచుడు, సావిత్రి శశిరేఖ. ఇదంతా నేను చెప్పాలా, మీకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది! అర్ధశతాబ్దం దాటాక, హైదరాబాదులోని గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ వారు ఆ నలుపు తెలుపుల సినిమాకి కంప్యూటర్లతో రంగులద్ది, ధ్వనిని కొత్త పద్ధతిలో సరిచేసి, 2010 జనవరి 30న మళ్ళీ థియేటర్లలో వేశారు. హిందీలో 1960 నాటి మొఘల్-ఎ-ఆజంకి 2004లో రంగులు వేశారు. ఆ దారిలో మన వంతు ఇది.

ఇక మొదలయ్యాయి వాదాలు. పాతదంతా బంగారం అనే మనిషి, “బంగారానికి రంగేమిటి?” అన్నాడు. ఆ మనిషి మాటలో పస లేకపోలేదు. పడవ మీద ప్రేమికులిద్దరూ పాడుకునే వెన్నెల దృశ్యం తలుచుకోండి. ఆ వెన్నెల చంద్రుడిచ్చింది కాదు, బార్‌ట్లీ కెమెరాతో పుట్టించింది. రంగు లేకపోవడమే ఆయన చేతిలో పనిముట్టు. నీళ్ళ మీద తెలుపు ఎంత వుండాలి, చెట్ల కింద నలుపు ఎంత వుండాలి అని కొలిచి పెట్టినవాడికి, అవి తరవాతెప్పుడో ఏ రంగులవుతాయో తెలియదు. చూసే మనం కూడా ఎవరి వెన్నెల వాళ్ళం ఊహించుకునేవాళ్ళం. రంగు వేసేవాడు మాత్రం ఏదో ఒక వెన్నెలని ఖాయం చెయ్యాలి. ఒకటి ఖాయమైతే మిగతావి పోతాయి.

పైగా, నెగటివ్ పాడైపోయిందన్న కారణంతో కొన్ని పాటలూ, పద్యాలు చాలామట్టుకూ రంగుల సినిమాలో లేకుండా పోయాయి. నిడివి తగ్గింది. దీనికి ఏడ్చినవాళ్ళూ వున్నారు, “పోనీలే, పిల్లలు కదలకుండా కూర్చుంటారు” అని సంతోషించినవాళ్ళూ వున్నారు.

పాతదంతా తుక్కు అనే మనిషి వాదం ఇంకొకటి. “రంగులు వెయ్యకపోతే ఇప్పటి పిల్లలు చూడనే చూడరు. చూడని బంగారం ఎవరికి?” ఇందులోనూ పస వుంది. నలుపు తెలుపు బొమ్మ కనిపించగానే ఛానెలు మార్చే పిల్లలు మనందరి ఇళ్ళల్లోనూ వున్నారు. వాళ్ళని గుమ్మందాకా తీసుకొచ్చేది రంగే అయితే రంగు చేసిన తప్పేమిటి? గుమ్మానికి తోరణం కట్టడం పాపమా?

నాకు తోచినంతలో ఇక్కడొక ధర్మసూక్ష్మం వుంది. అమ్మ పట్టుచీర కత్తిరించి లంగా కుట్టిస్తే పిల్ల మురిసిపోతుంది. నిజమే. కాని చీర మళ్ళీ రాదు. సినిమా సంగతి అట్లా కాదు. రంగుల మాయాబజార్ వచ్చినా నలుపు తెలుపు మాయాబజార్ ఎక్కడికీ పోలేదు, ఇవాళ కావాలన్నా చూడవచ్చు. పాతది చేతికందేట్టు వుంచి కొత్తది పక్కన పెడితే అది మెరుగు. పాతది మాయం చేసి, దాని పేరు కొత్తదానికి తగిలిస్తే అది కాజెయ్యడం. ఆటకైనా, పాటకైనా, గుడికైనా, ఇంటి ఆచారానికైనా ఇదే హద్దని నేననుకుంటాను. ఈ హద్దు దాటనంతవరకు రంగు మీద కోపం దండగ.

అయితే రంగు తగాదా అసలు తగాదా కాదు. రంగు కట్టకి వేసిన సున్నం లాంటిది. నిలవ సంగతేమిటి?

దీనికి జవాబు వెతకడానికి మనం దూరం పోనక్కర్లేదు. మాయాబజార్‌లోనే రెండు వస్తువులున్నాయి. ఒకటి ప్రియదర్శిని. ఆ పెట్టె మూత తీసి చూస్తే ఎవరికి ఏది ప్రాణప్రదమో అదే కనిపిస్తుంది. శశిరేఖకి అభిమన్యుడు కనిపించాడు, ముచ్చట. వాళ్ళమ్మ రేవతికి నగలు కనిపించాయి. బలరాముడికి దుర్యోధనుడు. శ్రీకృష్ణుడికి శకుని! టెలివిజనూ ఫోనూ మన ఇళ్ళల్లోకి రాకముందే పింగళివారి పెట్టె వచ్చిందని నవ్వుకుంటాం గాని, ఆ పెట్టెలో గొప్ప చమత్కారం మరొకటి వుంది. అది ఎదుట వున్నదాన్ని చూపించదు. చూసేవాడి మనసుని చూపిస్తుంది.

రెండోది సత్యపీఠం. దాని మీద నిలబడితే మనసులో వున్నది దాచడం కుదరదు. అంతసేపూ నాటకమాడిన శకుని చివరికి దానిమీద నిలబడి తన కుట్రంతా తన నోటితోనే బయటపెట్టేస్తాడు.

మనకి ప్రాణమైన పాత వస్తువు ఏదైనా సరే, మెరుగు పెట్టి ఎదుట పెడితే మనం ముందు చేసే పని ప్రియదర్శిని మూత తియ్యడం. తెర మీద ఘటోత్కచుడు పెళ్ళి భోజనం ముందు కూర్చుంటే నాకు కనిపించేది ఆయన కాదు. టూరింగ్ టాకీసులో నేల టికెట్టు, మా అమ్మ కొంగులో మూటకట్టి తెచ్చిన పేలాలు, పక్కన నిద్రపోయిన చెల్లెలు. ఆ మురిపెంలో “ఎంత గొప్ప సినిమా!” అంటాను. సినిమా గొప్పదే కావచ్చు. కాని ఆ మాట అన్నది పేలాల రుచి. మారియో ఆటని మళ్ళీ కొనుక్కున్న కుర్రాడు “అద్భుతం” అంటే అది వాడి పదమూడేళ్ళ వయసు అంటున్న మాట. 2013లో భారతీయ సినిమాకి నూరేళ్ళు నిండిన సందర్భంలో సి.ఎన్.ఎన్.-ఐ.బి.ఎన్. వారు పెట్టిన ఓట్లలో మాయాబజార్ అన్నిటికన్న గొప్ప భారతీయ చిత్రంగా నిలిచింది. తెలుగువాళ్ళమందరం ఛాతీ పొంగించాం. తప్పులేదు. కాని ఓటు అంటే ప్రియదర్శిని, సత్యపీఠం కాదు. ఎంతమందికి ప్రాణమో అది చెబుతుంది. ఎంత నిలవ వుందో చెప్పదు.

సత్యపీఠం ఎక్కడ దొరుకుతుందంటే, ఆ వస్తువుతో ఏ జ్ఞాపకమూ లేనివాళ్ళ దగ్గర దొరుకుతుంది. కొత్తవాళ్ళ దగ్గర. పిల్లల దగ్గర.

ఒక వేసవి సెలవుల్లో మా ఇంట్లో పిల్లలు రంగుల మాయాబజార్ చూశారు. హైదరాబాదు నుంచి వచ్చిన మనవరాలికి తొమ్మిదేళ్ళు. సినిమా నడుస్తుండగా నావైపు తిరిగి, “బాపమ్మా, శశిరేఖను ఎవ్వరూ అడుగరా?” అంది.

“ఏమని బిడ్డా?”

“నీకు ఎవరిని చేసుకోవాలని వుందని. వాళ్ళమ్మ ఒకరు అంటది, వాళ్ళ బాపు ఒకరు అంటడు, కృష్ణుడు ఒకరు అంటడు. ఆమెను అడిగితే అయిపోతది గద!”

మా పక్కింటి వదినె పకపకా నవ్వి, “ఆ కాలం అసొంటిదే బిడ్డా” అంది. పిల్ల ఊరుకోలేదు. “మరి ఏ కాలంల అడుగుతరు?” అంది. మా ఇద్దరికీ నోట మాట లేదు. వదినెకి ఆ వారంలోనే పెళ్ళిచూపులున్నాయి, కూతురికి.

ఇదీ సత్యపీఠం అంటే. ఎన్నిసార్లు చూశామో లెక్కలేని సినిమాలో ఒక పిల్ల కన్నీళ్ళు పెట్టుకుంటుంది, పెద్దలు ఆస్తిని చూసి మాట తప్పుతారు, ఆ పిల్ల పడుకున్న మంచంతో సహా ఆకాశంలో ఎగిరిపోతుంది. రక్షించేటప్పుడు కూడా ఆమెను లేపి అడిగినవాళ్ళు లేరు! మన కళ్ళకిది కనిపించకపోలేదు. సావిత్రి అందంలో, పాటల తియ్యదనంలో పడి నోటిదాకా రాలేదంతే. కొత్త కళ్ళు దాన్ని ఒక్క నిమిషంలో పట్టేశాయి.

ఇలాంటప్పుడు మనం చేసే పని ఒకటుంది. “ఆ కాలం అలాంటిది” అని మూత పెట్టెయ్యడం. ఆ మాట చరిత్రకి సమాధానం కావచ్చు గాని, ఎదురుగా కూర్చుని అడిగే పిల్లకి సమాధానం కాదు. ఇంకొందరు మరో వైపు దూకుతారు. “అవును, అదంతా ఆడవాళ్ళని అణిచిపెట్టే కథ, చూడకు” అని టీవీ కట్టేస్తారు. ఇది ఇంకా తొందరపాటు. ఎందుకంటే ఆ పిల్ల చూడవలసినది ఇంకా ముందుంది.

ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో ద్వారకలో కూర్చున్నాక ఏం జరిగిందో చూడండి. అదే ముఖం, అదే చీర, అదే జడ. నడక మాత్రం రాక్షసుడిది! సిగ్గుతో తల వంచుకున్నట్టే వంచి, ఎవరూ చూడనప్పుడు ఘటోత్కచుడి ఠీవి ముఖంలోకి తెచ్చేస్తుంది సావిత్రి. పెళ్ళిపీటల మీద వరుడు లక్ష్మణకుమారుడి కాలు తొక్కినప్పుడు రేలంగి పడే యాతన చూసి మా మనవరాలు నేలమీద పడి దొర్లింది. “మళ్ళ పెట్టు, మళ్ళ పెట్టు” అని నాలుగుసార్లు చూసింది. ఆమెకి టూరింగ్ టాకీసు తెలియదు, సావిత్రి ఎవరో తెలియదు, విజయావారెవరో తెలియదు. ఆ నవ్వులో జ్ఞాపకం వాటా ఒక్క దమ్మిడీ లేదు.

ఆ నవ్వు తరవాత నాకు తట్టిన సంగతి చెబుతాను, మీకు సమ్మతమైతే వుంచుకోండి. తన పెళ్ళి గురించి నోరెత్తలేని పిల్ల, రాక్షసుడు ఆవహించినట్టయ్యాక మాత్రం కాలు తొక్కగలిగింది. శశిరేఖని ఎవరూ అడగలేదు, నిజమే. కాని అడిగితే ఆమె లోపలినుంచి ఏం వచ్చేదో ఆ మాయా శశిరేఖ చేసి చూపించింది. పెద్దలు కుదిర్చిన సంబంధానికి తల వంచుకుని కూర్చున్న ఎన్ని లక్షలమంది ఆడపిల్లలు ఆ తెరముందు కూర్చుని, ఆ ఒక్క కాలితొక్కుడు చూసి, ఎందుకో తెలియకుండా పొట్ట చెక్కలయ్యేట్టు నవ్వివుంటారో! కె.వి.రెడ్డిగారూ పింగళివారూ అట్లా అనుకునే తీశారని నేననను. కాని నిలవ అంటే ఇదే. కట్టినవాడు లెక్క వెయ్యని పొలానికి కూడా నీళ్ళు అందడం.

అందుచేత మాయాబజార్ నిలుస్తుందా అంటే నా జవాబు ఇది. కట్టంతా ఒకే తీరుగా నిలవలేదు. పెళ్ళికూతుర్ని అడగని ఆ పెద్దరికం దగ్గర ఒండ్రు పేరుకుంది, అక్కడ నీళ్ళు పట్టవు. కాని మాయా శశిరేఖ దగ్గర, రేవతికి కనిపించిన నగల దగ్గర, ఆస్తి పోగానే మారిపోయే చుట్టరికం దగ్గర లోతు తగ్గలేదు. ‘దుష్టచతుష్టయం’, ‘అసమదీయులు’, ‘వీరతాళ్ళు’ వంటి మాటల్ని ఆ సినిమా చూడనివాళ్ళు కూడా ఇవాళ పేపర్లలో రాస్తున్నారు, మీటింగుల్లో వాడుతున్నారు. వాటికి ఎవరూ రంగు వెయ్యలేదు, ధ్వని శుభ్రం చెయ్యలేదు. వాటంతటవే పారుతున్నాయి.

“అభిమానించే వస్తువులో తప్పు వెతకడమేమిటి? అది కృతఘ్నత కాదా?” అని మీరడగవచ్చు. చాలామంది ఇక్కడే తడబడతారు. తప్పు ఒప్పుకుంటే ప్రేమ తగ్గిపోతుందని భయం. ప్రేమ తగ్గకూడదు కాబట్టి తప్పు లేదనాలి. ఇదెంత ప్రమాదమో చూడండి. సినిమా దగ్గర ఆగితే నష్టం లేదు. కాని ఇదే అలవాటు ఇంట్లోకి వస్తుంది. అత్తగారిని ప్రేమిస్తున్నాం కాబట్టి ఆవిడ పాటించిన మడి అంతా మంచిదే అంటాం. నాన్నంటే ప్రాణం కాబట్టి ఆయన అమ్మని అన్న మాటలు మాటలే కావంటాం. పుట్టిన ఊరంటే ఇష్టం కాబట్టి ఊళ్ళో బావి దగ్గర ఎవరిని దూరంగా నిలబెట్టారో మరిచిపోతాం. తప్పు చెప్పగానే చచ్చిపోయే ప్రేమ ప్రేమ కాదు, అలవాటు. చెప్పిన తరవాత కూడా మిగిలేదే ప్రేమ. మా అమ్మ వంటలో ఉప్పెక్కువని చెప్పుకుని నవ్వుకుంటాం గదా, ఆ కూర కోసమే నోరూరుతుంది గదా!

దీనికి రెండో వైపు కూడా వుంది. మనకి ప్రాణమైనది పిల్లలకి నచ్చకపోతే మనసు చివుక్కుమంటుంది. “మీకేం తెలుసర్రా, మీ ముఖాలకి ఆ మంచి సినిమాలెక్కడివి” అని విరుచుకుపడతాం. ఎందుకంత కోపం? సినిమాని కాదన్నందుకు కాదు. నా ప్రియదర్శినిలో నాకు కనిపించింది వాళ్ళకి కనిపించలేదని. పాపం, ఎట్లా కనిపిస్తుంది? ఆ పెట్టె తీరే అంత. కృష్ణుడు చూసినప్పుడు శకుని కనిపించాడే గాని, శశిరేఖ అభిమన్యుడు కనిపించలేదు గదా! ఎవరి పెట్టె వాళ్ళది. మన మురిపాన్ని పిల్లల నెత్తిన రుద్దే హక్కు మనకి లేదు. వాళ్ళకి విసుగొస్తే విసుక్కునే హక్కు వాళ్ళకి వుంది. ఆ విసుగు మన బాల్యానికి అవమానం కాదు.

అలాగే వాళ్ళకో మాట. ముప్ఫై ఏళ్ళ తరవాత మీ ఆటల్ని మీ పిల్లలు చూసి “ఇదేం ఆట నాన్నా” అంటారు. అప్పుడు మీ కడుపులో ఏమవుతుందో ఇవాళ్టి బాపమ్మలకి బాగా తెలుసు. అందుకని పాతదాన్ని తీసిపారేసేముందు ఒక్కసారి చివరిదాకా చూడండి. మా పిల్ల తొందరపడి లేచిపోయివుంటే ఆ కాలితొక్కుడు చూసేదే కాదు.

మొదట చెప్పిన మూడో మనిషికి ఇక గీటురాయి దొరికినట్టే. అటక మీద వస్తువైనా, పెట్టెలో చీరైనా, తరతరాల నోమైనా రెండు ప్రశ్నలు విడివిడిగా అడగాలి. “ఇది నాకెందుకు ఇష్టం?” అనేది మొదటిది. దీని జవాబు గుండెలో భద్రంగా దాచుకోవాలి, ఎవరికీ రుజువు చూపించనక్కర్లేదు. “దీంతో ఏ జ్ఞాపకమూ లేనివాడికి ఇది ఇవాళ ఏమిస్తుంది?” అనేది రెండోది. దీని జవాబు మనం చెప్పకూడదు, ఆ కొత్తవాడు చెప్పాలి. మనం ఊరుకుని వినాలి.

ఆ ఊరుకోవడమే కష్టం. పిల్లలకి మనకిష్టమైన సినిమా పెట్టి, పక్కన కూర్చుని, “ఇప్పుడు చూడు, ఇదుగో ఇప్పుడు చూడు!” అని మోచేత్తో పొడవకుండా మూడు గంటలు నోరు కట్టుకోవడం వుంది చూశారూ, మా అత్తగారు పట్టిన నోములన్నిటికన్న అదే కఠినమైన నోము. ఉద్యాపన కూడా చెప్పలేదు ఎవరూ. అయినా పట్టి చూడండి.